జపాన్ ఆక్షన్ షీట్ మీద ఏ1, యూ2, డబ్ల్యూ3 అని రాసుంటే ఏంటి? కారు కొనేముందు షీట్ ఎలా చదవాలి

ఆక్లాండ్ లో గానీ నైరోబీ, దార్ ఎస్ సలాం లో గానీ ఉండే మనవాళ్ళు కారు కొందాం అనుకోగానే డీలర్ వాట్సాప్ లో ఒక ఫోటో పడేస్తాడు, అదే ఆక్షన్ షీట్, అంటే జపాన్ వేలంలో ఆ బండిని చూసి రాసిన కాగితం. అందులో సగం జపనీస్ చేతిరాత, కింద ఒక మూల కారు బొమ్మ, ఆ బొమ్మ చుట్టూ అక్షరాలు అంకెలు, పైన మూలలో పెద్దగా 4 అనో 4.5 అనో ఒక నంబర్. "గ్రేడ్ ఫోర్ అన్నా, కళ్ళు మూసుకుని తీసుకోండి" అంటాడు, మనం కూడా ఆ నంబర్ ఒక్కటే చూసి అడ్వాన్స్ కొట్టేస్తాం. నేను చెప్పేది ఏంటంటే ఆ నంబర్ ని ఆఖర్న చూడండి, ముందు బొమ్మ, తర్వాత చేతిరాత, ఆ తర్వాతే గ్రేడ్. ఈ వరసలో చదివితే బండి కథ మొత్తం అదే బయటపడుతుంది.

ఇండియాలో ఉన్నవాళ్ళకి ఒక మాట, ఇది మీకు పెద్దగా పనికొచ్చేది కాదు, తయారై మూడేళ్ళు దాటిన వాడిన కారుని మన దేశంలోకి రానివ్వరు, రానిచ్చే వాటికి కూడా డ్యూటీ కట్టేసరికి కొత్త కారే నయం అనిపిస్తుంది. న్యూజిలాండ్, కెన్యా, ఉగాండా, టాంజానియా, జాంబియా, మారిషస్ వైపు ఉన్న మనవాళ్ళ కోసం రాస్తున్నా, అక్కడ స్టీరింగ్ కుడివైపే కాబట్టి రోడ్డు మీద ఎటు చూసినా జపాన్ బళ్ళే. ఇంకోటి, షీట్ మీద కోడ్లు ఇంగ్లీష్ పెద్ద అక్షరాల్లో ఉంటాయి, నేను ఇక్కడ తెలుగులో రాస్తున్నా, ఏ అంటే మొదటి అక్షరం, డబ్ల్యూ అంటే అదే డబ్ల్యూ, తికమక పడకండి.

1. ముందు షీట్ లో ఎవరి రాత ఏదో తెలుసుకోండి

జపాన్ లో వాడిన కార్లు ఎక్కువ భాగం డీలర్ల ఆక్షన్లలోనే చేతులు మారతాయి. అన్నిట్లోకీ పెద్దది యూఎస్‌ఎస్, దాని టోక్యో హాల్ ఉండేది చిబా జిల్లా నోదా లో, గురువారం గురువారం జరుగుతుంది, ఒక్కరోజులో పదివేల పైన బళ్ళు వస్తాయి, ఒక్కో బండి పాట కొన్ని సెకన్లలో అయిపోతుంది. ఇది కాక టొయోటా వాళ్ళ టీఏఏ, కోబె లో హెచ్‌ఏఏ, జేయూ, అరాయ్ అని చాలా ఉన్నాయి. అంత వేగంలో కొనేవాడు ప్రతి బండి దగ్గరికీ వెళ్ళి చూడలేడు కదా, అందుకే ఆక్షన్ వాళ్ళ ఇన్‌స్పెక్టర్ ముందే బండి చుట్టూ తిరిగి, కిందకి వంగి, లైట్ వేసి చూసి షీట్ రాస్తాడు.

అయితే షీట్ మొత్తం ఆయన రాసింది కాదు, ఇది చాలామందికి తెలీదు. పైభాగంలో "సేల్స్ పాయింట్" అని ఒక డబ్బా ఉంటుంది, అది అమ్మేవాడు రాసుకున్నది. ఒకే ఓనర్, సిగరెట్ తాగని ఓనర్, ఒరిజినల్ నావిగేషన్, సన్‌రూఫ్, కొత్త టైర్లు, ఇలాంటివన్నీ అక్కడ ఉంటాయి. కింద ఇన్‌స్పెక్టర్ ది వేరే డబ్బా. డీలర్ మీకు ఇంగ్లీష్ లోకి మార్చి పంపేటప్పుడు పైడబ్బా పూర్తిగా, కిందడబ్బా సగం మార్చి పంపాడంటే కావాలని చేశాడో బద్ధకంతో చేశాడో గానీ మీరు మాత్రం కిందది మొత్తం అడగండి.

2. సంవత్సరం, కిలోమీటర్లు

సంవత్సరం జపాన్ లెక్కలో ఉంటుంది. హెచ్ అంటే హెయిసెయ్, దానికి 1988 కలపండి, హెచ్27 అంటే 2015. ఆర్ అంటే రెయ్‌వా, దానికి 2018 కలపండి, ఆర్3 అంటే 2021. 2019 లో ఏప్రిల్ దాకా హెచ్31, మే 1 నుంచి ఆర్1, కాబట్టి ఆ ఏడాది బండికి రెండూ కనపడొచ్చు. ఇది బండి మొదటిసారి రిజిస్టర్ అయిన తేదీ, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన తేదీ కాదు. కెన్యా లాంటి చోట 8 ఏళ్ళు దాటితే రానివ్వరు కాబట్టి నెలతో సహా చూసుకోండి.

కిలోమీటర్ల పక్కన అంకె తప్ప ఇంకేమీ లేకపోతే మంచిది. పక్కన నక్షత్రం గుర్తు గానీ హ్యాష్ గుర్తు గానీ ఉంటే ఆ అంకె నమ్మలేం అని ఆక్షన్ వాళ్ళే చెప్తున్నట్టు లెక్క. డాలర్ గుర్తు ఉంటే మీటర్ మార్చారు, కాగితాలు ఉన్నాయి అని, అది అంత భయపడేది కాదు, కాగితం కాపీ అడగండి చాలు. ఏ గుర్తు దేనికో ఆక్షన్ ని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది, అసలు గుర్తు ఉందా లేదా అన్నది ముందు చూడండి.

3. బొమ్మలో ఎటు ముందో ఎటు వెనకో తేల్చుకోండి

నవ్వకండి, ఇక్కడే తప్పు పోతుంది. కారు నాలుగు పక్కలూ బయటికి పరిచినట్టు గీసి ఉంటుంది, మధ్యలో టాప్, చుట్టూ డోర్లు, బంపర్లు. కొన్ని ఆక్షన్లలో ముందుభాగం పైకి ఉంటుంది, కొన్నిట్లో ఎడమకి. బానెట్ ఎటుందో, ముందు అద్దం ఎటు వాలి ఉందో చూసి తేల్చుకోండి, లేకపోతే వెనక బంపర్ గీతని ముందు బంపర్ ది అనుకుని కూర్చుంటారు. డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు కాబట్టి కుడి ఎడమలు మన ఊళ్ళో బండికి లాగే. తర్వాత ఒక తెల్లకాగితం తీసుకుని ముందు, కుడి, ఎడమ, వెనక, పైన అని అయిదు వరసలు గీసి ఏ కోడ్ ఎక్కడుందో రాసుకోండి, ఎందుకు అనేది అయిదో స్టెప్ లో చెప్తా.

4. అక్షరాలు

అక్షరం అంటే దెబ్బ రకం, పక్కన అంకె అంటే ఎంత పెద్దది. 1 చిన్నది, 2 ఒక మాదిరి, 3 పెద్దది. కొలతలు ఆక్షన్ ని బట్టి మారతాయి, అందుకని సెంటీమీటర్లు బట్టీ పట్టకండి.

ఏ అంటే గీత. ఏ1 అంటే దగ్గరికెళ్ళి చూస్తే గానీ కనపడదు, వాడిన బండికి అవి లేకుండా ఉండవు, బొమ్మ నిండా ఏ1 లు ఉన్నాయంటే ఇన్‌స్పెక్టర్ శ్రద్ధగా చూశాడనే అర్థం, కంగారు వద్దు. ఏ3 అంటే పొడుగ్గా గీరుకుపోయింది, గోడకో స్తంభానికో రాసుకుని ఉంటుంది.

యూ అంటే సొట్ట, పెయింట్ పోకుండా లోపలికి నొక్కుకున్నది. యూ1 బొటనవేలంత, యూ2 అరచేయంత, యూ3 మోచేత్తో గుద్దినంత అని చెప్పుకుంటారు. పక్క బండి డోర్ తగిలి పడే చిన్న చుక్క లాంటి సొట్టలకి ఈ అని విడిగా రాస్తారు, అవి లెక్కలోకి రావు. బీ అంటే సొట్టా గీతా రెండూ కలిసి, అంటే సొట్ట తీసి పెయింట్ కూడా వెయ్యాల్సిందే, యూ2 కన్నా బీ2 కి ఖర్చు ఎక్కువ.

పీ అంటే పెయింట్ దెబ్బతింది, హెచ్ అంటే ఎండకి వెలిసిపోయింది, టాప్ మీదా బానెట్ మీదా ఎక్కువ కనపడుతుంది. వై అంటే పగులు, ప్లాస్టిక్ బంపర్ కీ లైట్ల కీ వస్తుంది. అద్దం మీద జీ అంటే రాయి తగిలిన చుక్క, ఆర్ అంటే దాన్ని రిపేర్ చేశారు, ఎక్స్ అంటే అద్దం మార్చాల్సిందే. న్యూజిలాండ్ లో ఆ చుక్క డ్రైవర్ కళ్ళెదురుగా పడితే వారంట్ పరీక్షలో, అంటే బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందా అని చూసే పరీక్షలో, ఆపెయ్యొచ్చు, జీ చిన్నదే కదా అని వదిలెయ్యకుండా ఎక్కడ పడిందో ఫోటో అడగండి.

ఎస్ అంటే తుప్పు, సీ అంటే తినేసిన తుప్పు. ఈ రెండిటి మధ్య తేడా చాలా ఉంది. ఎస్ ని గీకి ప్రైమర్ కొట్టి ఆపొచ్చు, సీ అంటే రేకు పల్చబడి పొలుసులుగా లేస్తోంది, వేలు పెట్టి నొక్కితే లోపలికి పోయే దాకా వచ్చి ఉండొచ్చు, అక్కడ కోసి కొత్త రేకు వెల్డింగ్ చెయ్యడమే. ఆక్షన్ ఎక్కడ జరిగిందో కూడా చూడండి, సప్పోరో, నీగాతా, తోహోకు వైపు బళ్ళు మంచులో తిరుగుతాయి, రోడ్డు మీద మంచు కరగడానికి ఉప్పు, రసాయనాలు చల్లుతారు, అది బండి కింద పట్టేసుకుంటుంది. పైన గ్రేడ్ 4.5 ఉన్నా కింద ఎర్రగా ఉంటుంది. ఆ వైపు బండి అయితే కిందనుంచి తీసిన ఫోటోలు లేకుండా ముందుకి పోకండి. న్యూజిలాండ్ లో స్ట్రక్చర్ కి తుప్పు పట్టిందని తేలితే రిపేర్ సర్టిఫికేషన్ చేయించాకే రిజిస్ట్రేషన్, ఆ డబ్బులు ఎవరు పెట్టుకుంటారు అనేది ముందే మాట్లాడుకోవాలి.

ఇంక అసలైనవి రెండు, డబ్ల్యూ, ఎక్స్.

డబ్ల్యూ అంటే ఆ చోట ఇంతకు ముందే డెంటింగ్ పెయింటింగ్ అయ్యింది, రేకు ఒరిజినల్ గా లేదు, కొంచెం అలలు అలలుగా కనపడుతోంది అని. డబ్ల్యూ1 అంటే మంచి షెడ్డు పని, మామూలు మనిషి కంటికి ఆనదు. డబ్ల్యూ2 అంటే ఏటవాలుగా నిలబడి ట్యూబ్‌లైట్ నీడ చూస్తే వంకర తెలుస్తుంది. డబ్ల్యూ3 అంటే పుట్టీ పెట్టి లాగించేశారు, మళ్ళీ పెయింట్ వెయ్యాలి. చాలామంది ఏ3 చూసి బెదిరిపోయి డబ్ల్యూ1 చూసి ఊరుకుంటారు, నా లెక్క దానికి పూర్తిగా రివర్స్. గీత అంటే జరిగింది మొత్తం కళ్ళ ముందే ఉంది, డబ్ల్యూ అంటే జరిగింది ఏదో కప్పేశారు, కింద ఏముందో షీట్ చెప్పట్లేదు.

ఎక్స్ ఒకటే ఉంటే మార్చాలి అని, ఎక్స్ రెండు ఉంటే ఆల్రెడీ మార్చేశారు అని. ఒక్క అక్షరం తేడా, అర్థం పూర్తిగా వేరు, ఫోటో మసగ్గా ఉంటే జూమ్ చేసి చూడండి. డోర్లు, బానెట్, ముందు ఫెండర్లు, డిక్కీ డోర్ ఇవన్నీ బోల్టులతో బిగించేవి, వాటి మీద ఎక్స్‌ఎక్స్ ఉన్నంత మాత్రాన బండి పోయినట్టు కాదు. కానీ వెనక ఫెండర్, అదే వెనక టైరు పైన ఉండే క్వార్టర్ ప్యానెల్, అది బాడీకి వెల్డింగ్ చేసి ఉంటుంది, దాన్ని మార్చాలంటే కోసి అతికించాలి. అందుకే వెనక డోర్ మీద ఎక్స్‌ఎక్స్, వెనక క్వార్టర్ మీద ఎక్స్‌ఎక్స్ రెండూ ఒకటి కాదు. క్వార్టర్ ఒక్కటి మార్చిన దానికే కొన్నిసార్లు యాక్సిడెంట్ బండి అని ముద్ర వెయ్యరు, గ్రేడ్ మామూలుగానే వచ్చేస్తుంది, మీరే పట్టుకోవాలి.

5. కోడ్లని విడివిడిగా చదవొద్దు, పక్కపక్కన పెట్టి చదవండి

ఇప్పుడు ఆ అయిదు వరసల కాగితం తియ్యండి. ఉదాహరణకి ఒక టొయోటా ఆక్వా అనుకుందాం, హెచ్27, 84 వేల కిలోమీటర్లు, గ్రేడ్ 4, లోపలి భాగానికి విడిగా ఇచ్చే గ్రేడ్ బీ (గ్రేడ్ల సంగతి ఏడో స్టెప్ లో చెప్తా). బొమ్మ మీద ఇలా ఉంది: ముందు బంపర్ ఏ2, బానెట్ డబ్ల్యూ1, ఎడమ ముందు ఫెండర్ ఎక్స్‌ఎక్స్, ఎడమ ముందు డోర్ డబ్ల్యూ2, కుడి వెనక డోర్ ఏ1, వెనక బంపర్ ఏ2 యూ1, ముందు అద్దం జీ.

విడిగా చూస్తే అన్నీ చిన్నవే, 3 అనే అంకె ఒక్కటి కూడా లేదు. పక్కన పెట్టి చూడండి. బానెట్, ఎడమ ఫెండర్, ఎడమ డోర్, మూడూ ఒక మూల చుట్టూ ఉన్నాయి. ఎడమ ముందు మూలకి గట్టిగానే తగిలింది, ఫెండర్ పనికిరాకుండా పోతే మార్చారు, డోర్ అంచు వంగితే సొట్ట తీసి పెయింట్ వేశారు, రంగు కలవడానికి బానెట్ కి కూడా పెయింట్ కొట్టారు. బంపర్ మీద ఎక్స్‌ఎక్స్ లేదు కానీ ప్లాస్టిక్ బంపర్ మార్చినా చాలాసార్లు రాయరు. కుడి వెనక డోర్ ఏ1, వెనక బంపర్ దెబ్బలు మామూలు పార్కింగ్ గీతలు, వాటికీ ఈ కథకీ సంబంధం లేదు.

ఇప్పుడు కిందడబ్బాలో "కోఆ సపోటో కోకన్" అని ఉందనుకోండి. కోఆ సపోటో అంటే రేడియేటర్ ని పట్టుకునే కోర్ సపోర్ట్, కోకన్ అంటే మార్పిడి. బోల్టులతో బిగించే రకం అయితే అది మార్చినా జపాన్ లెక్కలో యాక్సిడెంట్ రిపేర్ కిందకి రాదు, అందుకే గ్రేడ్ 4 అలాగే ఉంది. అంటే షీట్ లో అబద్ధం ఏమీ లేదు, డీలర్ మాటలో కూడా లేదు, కానీ మీరు కొంటున్నది ముందు గుద్దుకున్న బండి. కొనొద్దు అనట్లేదు, పని బాగా చేసి ఉంటే నడుస్తుంది. ఎడమ హెడ్‌లైట్ కొత్తగా ఉందా, దాని చుట్టూ గ్యాప్ రెండు పక్కలా సమానంగా ఉందా, రేడియేటర్ దగ్గర తడి ఉందా, ఈ ఫోటోలు అడిగి, దానికి తగ్గట్టు రేటు తగ్గించమని అడగండి.

ఇంకో రకం. ఎడమపక్క ముందు డోర్, వెనక డోర్, క్వార్టర్ మూడిటి మీదా ఏ2 ఏ2 ఏ3 అని వరసగా ఉంటే అది ఒకే గీత, సందులోంచి తిప్పుతూ రాసేసుకున్నారు, చూడ్డానికి దరిద్రంగా ఉంటుంది కానీ బండికి ఏం కాలేదు. నేనైతే పైన చెప్పిన గ్రేడ్ 4 ఆక్వా కన్నా ఇలాంటి 3.5 బండి తీసుకుంటా, పెయింట్ కి అయ్యేది పెయింట్ కి అవుతుంది, లోపల ఏముందో అనే గుబులు ఉండదు.

6. చేతిరాత డబ్బా

ఫోన్ కెమెరాతో ట్రాన్స్‌లేట్ చేస్తే అచ్చు అక్షరాలకి బాగానే వస్తుంది, ఇన్‌స్పెక్టర్ చేతిరాత దగ్గర మాత్రం ఏదేదో వస్తుంది, ఒకసారి తుప్పు అని ఉన్న చోట వసాబి అని వచ్చినా ఆశ్చర్యపోకండి. జపనీస్ చదవగలిగిన వాళ్ళకి కొంచెం డబ్బులిచ్చి చెప్పించుకోవడం నయం. అయినా కొన్ని మాటలు తెలిసుంటే వాళ్ళు చెప్పేది సరిపోల్చుకోవచ్చు. కిజు అంటే గీత, హెకోమి అంటే సొట్ట, సబి అంటే తుప్పు, ఫుషోకు అంటే తినేసిన తుప్పు, వరె అంటే పగులు, హగరె అంటే పెయింటో లెదరో ఊడిపోవడం, కొగె అంటే సిగరెట్ కాలిన మచ్చ, షిమి అంటే మరక. షితమవారి సబి అని కనిపిస్తే బండి కింద తుప్పు. ఆయిల్ దగ్గర నిజిమి అంటే చెమ్మ, మొరె అంటే కారుతోంది, నిజిమి అయితే రేటులో చూసుకోవచ్చు, మొరె అయితే మెకానిక్ ని అడిగాకే. ఇఒన్ అంటే శబ్దం, ఎక్కడినుంచి అనేది దాని ముందు రాసుంటుంది, ఇంజినా గేర్‌బాక్సా వీల్ బేరింగా అని తప్పకుండా అడగండి.

అక్షరం చదవక్కర్లేకుండా బొమ్మలా గుర్తుపట్టేవి కొన్ని. చిన్న అని చెప్పే అక్షరానికి మధ్యలో ఒక నిలువు గీత, రెండు పక్కలా రెండు చిన్న గీతలు ఉంటాయి, కిజు ముందు అది కనిపిస్తే చిన్న గీతలు అని. పెద్ద అనే అక్షరం చేతులు చాపి కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డ మనిషిలా ఉంటుంది. ఇంక "షూఫుకురెకి" అనే గడి, అంటే యాక్సిడెంట్ రిపేర్ చరిత్ర, దాని పక్కన రెండు అక్షరాలు అచ్చువేసి ఏదో ఒకదాని చుట్టూ సున్నా చుడతారు. అడుగున నాలుగు చుక్కలు ఉన్న అక్షరం చుట్టూ ఉంటే లేదు అని, రెండోదాని చుట్టూ ఉంటే ఉంది అని.

ఈ షూఫుకురెకి అంటే జపాన్ లో అర్థం కొంచెం ప్రత్యేకం. ఛాసిస్ మెంబర్లు, పిల్లర్లు, డ్యాష్ ప్యానెల్, టాప్, ఫ్లోర్, డిక్కీ ఫ్లోర్ లాంటి ఎముకల గూడులో ఏదైనా రిపేరో మార్పిడో జరిగితేనే ఉంది అంటారు. బయట తొడుగు ఎంత మార్చినా లేదు అనే రాస్తారు. "నాన్ యాక్సిడెంట్" అని డీలర్ అంటే ఈ అర్థంలో అంటున్నాడు, మీరు వింటున్న అర్థంలో కాదు.

కన్సుయి అనే మాట కనిపిస్తే వరదలో మునిగిన బండి. 2018 జూలైలో పడమటి జపాన్ లో, 2019 అక్టోబర్ లో హగిబిస్ తుఫానుకి చాలా ఊళ్ళు మునిగాయి, ఆ తర్వాత మార్కెట్ లోకి వచ్చిన బళ్ళ విషయంలో సీట్‌బెల్ట్ పూర్తిగా బయటికి లాగి చివర బురద చార ఉందేమో, సీటు రైలు బోల్టులు తుప్పు పట్టాయేమో ఫోటో తీయించండి. హైబ్రిడ్ అయితే కన్సుయి అని చూడగానే వదిలెయ్యండి, రేటు ఎంత తక్కువైనా సరే.

రెంటా అని ఉంటే అద్దెకి తిప్పిన బండి. ఆక్వా, ఫిట్ లాంటి చిన్నబళ్ళు చాలా అలాంటివే. పదిమంది చేతులు పడ్డ మాట నిజమే గానీ సర్వీసులు టైంకి అయ్యుంటాయి, నాకైతే పెద్ద అభ్యంతరం లేదు, లోపల సీట్లు డిక్కీ గీతలు ఎక్కువ ఉంటాయి అంతే.

7. ఇప్పుడు గ్రేడ్

ఎస్, 6 కొత్తవాటికి దగ్గర. 5, 4.5 చాలా బాగున్నవి. 4 బాగున్నది. 3.5 మామూలు. 3 కి పనులు ఉన్నాయి. 2 కి తుప్పో కన్నాలో. 1 అంటే ఇంజిన్ మార్పులు చేసినవీ మునిగినవీ ఇలాంటి ప్రత్యేక కేసులు. ఆర్ అంటే యాక్సిడెంట్ రిపేర్ అయినది, ఆర్‌ఏ అంటే అదే కొంచెం తక్కువ దెబ్బ. లోపలికి విడిగా ఏ నుంచి ఈ దాకా అక్షరం, బీ అయితే ఇంట్లో వాడిన బండి, సీ అయితే మరకలు, కాలిన మచ్చలు, డీ అయితే డ్రైక్లీనింగ్ కి ఇచ్చినా లాభం లేదు.

గ్రేడ్ లో కిలోమీటర్లు కూడా కలిసి ఉంటాయి, ఇది గుర్తుంచుకోండి. యూఎస్‌ఎస్ లాంటి చోట లక్ష దాటితే 4.5 రాదు, లక్షా యాభై వేలు దాటితే 4 రాదు, బండి అద్దంలా ఉన్నా సరే 3.5 అవుతుంది. అంటే 1,60,000 తిరిగి 3.5 వచ్చిన బండి, 60,000 తిరిగి 3.5 వచ్చిన బండి ఒకటి కాదు. మొదటిది కిలోమీటర్ల వల్ల ఆగింది, రెండోది దెబ్బల వల్ల ఆగింది. రెండోదానికి బొమ్మ ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఆక్షన్ ని బట్టి చెయ్యి కూడా మారుతుంది, ఒకచోట 4 ఇంకోచోట 3.5 కావొచ్చు, అందుకే కోడ్లు చూడకుండా గ్రేడ్ పట్టుకుని బేరం ఆడొద్దు అంటున్నా.

8. షీట్ నిజమైనదేనా

కంప్యూటర్ లో 3.5 ని 4.5 చెయ్యడం, ఆర్ తీసేసి 4 పెట్టడం, డబ్ల్యూ తుడిచెయ్యడం, అన్నీ జరుగుతున్నాయి. ఛాసిస్ నంబర్ అడగండి, ఆక్షన్ పేరు, తేదీ, లాట్ నంబర్ (వేలంలో ఆ బండికి ఇచ్చిన నంబర్) అడగండి. ఛాసిస్ నంబర్ తో పాత షీట్ తీసి ఇచ్చే సర్వీసులు ఉన్నాయి, కొంచెం ఫీజు ఉంటుంది, డీలర్ చెప్పిన సర్వీసు కాకుండా మీరే ఎంచుకున్న చోట తీయించండి. రెండు షీట్లు పక్కన పెట్టి కిలోమీటర్లు, గ్రేడ్, కోడ్లు ఒక్కొక్కటీ పోల్చండి. గ్రేడ్ చుట్టూ కాగితం రంగు మిగతా చోట కన్నా తెల్లగా ఉన్నా, అంకె అచ్చు ఒక రకం పక్కన ఇంకో రకం ఉన్నా అనుమానించండి. ఇంకోటి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్, జపాన్ ప్రభుత్వం ఇచ్చేది, అందులో షాకెన్ (జపాన్ లో బండికి తప్పనిసరిగా చేయించే ఫిట్‌నెస్ పరీక్ష) అప్పుడు మీటర్ ఎంత ఉందో రాసి ఉంటుంది. అక్కడ 1,10,000 ఉండి షీట్ లో 70,000 ఉంటే ఇంక మాట్లాడేది ఏం లేదు.

ఛాసిస్ నంబర్ లో సగం చుక్కలు పెట్టి పంపేవాళ్ళు ఉన్నారు. పాట అవ్వకముందు అలా పంపితే సరే, కొని తెచ్చి షోరూం లో పెట్టిన బండికి దాస్తున్నాడంటే ఆ డీలర్ దగ్గర టీ తాగి వచ్చెయ్యండి.

9. షీట్ చెప్పనివి

ఇన్‌స్పెక్టర్ బండి స్టార్ట్ చేసి కొంచెం కదిలిస్తాడు అంతే, హైవే మీద తిప్పడు. సీవీటీ (ఒక రకం ఆటోమేటిక్ గేర్‌బాక్స్) వేడెక్కాక జెర్క్ ఇస్తుందా, ఏసీ గంట తర్వాత చల్లగా ఉంటుందా, ఇవి షీట్ లో రావు. హైబ్రిడ్ బ్యాటరీ ఎంత మిగిలిందో అసలే రాదు, బండి మీ ఊరు వచ్చాక స్కానర్ పెట్టి చూపించమనండి, లేదా ముందే బ్యాటరీ వారంటీ ఎన్ని నెలలు ఇస్తారో రాయించుకోండి.

బండి వచ్చాక షీట్ ప్రింట్ తీసుకుని చుట్టూ తిరగండి. డబ్ల్యూ రాసిన చోట చిన్న అయస్కాంతం పెట్టి చూడండి, పక్క ప్యానెల్ కి అంటుకున్నంత గట్టిగా అంటుకోకపోతే కింద పుట్టీ మందంగా ఉన్నట్టు. ప్రియస్ పాత మోడళ్ళలో బానెట్ అల్యూమినియం, దానికి అయస్కాంతం ఎలాగూ అంటదు, చూసి బెంబేలు పడకండి. షీట్ లో లేని గీత గానీ సొట్ట గానీ కనిపిస్తే అది ఓడలోనో పోర్టులోనో పడి ఉండొచ్చు, సంతకం పెట్టకముందే ఫోటో తీసి డీలర్ కి పంపండి, సంతకం అయ్యాక ఎవరూ ఫోన్ ఎత్తరు. షీట్ లో స్పేర్ కీ ఉందని రాసుంటే రెండో తాళం అప్పుడే చేతికి తీసుకోండి, స్మార్ట్ కీ కొత్తది చేయించాలంటే బాగా వదులుతుంది. నావిగేషన్ ఉంటే ఎస్‌డీ కార్డ్ స్లాట్ లో ఉందో లేదో కూడా చూడండి, దారిలో అది మాయమైపోతే కొన్ని మోడళ్ళలో రేడియో కూడా పలకదు.